మాడ్యులర్ ఓటీ అంటే ఏంటి? మెరిసే గోడలు కాదు.. గాలి లెక్క చూడాలి!

బాటసింగారానికి మామిడి, బత్తాయి లారీలు రావడం మొదలైందంటే దానికి కారణం ఓ ఆస్పత్రి. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఖాళీ చేయించి, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలోని లాజిస్టిక్ పార్కుకు తాత్కాలికంగా తరలించారు. మార్కెట్ ఉన్న స్థలంలో టిమ్స్ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి కట్టాలన్నది ప్లాన్. 2022 ఏప్రిల్ 26న అప్పటి సీఎం కేసీఆర్ ఒకే రోజు ఎల్బీనగర్, సనత్‌నగర్, అల్వాల్ టిమ్స్‌లకు శంకుస్థాపన చేశారు. ఒక్కోటి వెయ్యి పడకలు. మూడింటికీ కలిపి అనుమతి ఇచ్చింది 2,679 కోట్లు. అందులో ఎల్బీనగర్ వాటా 900 కోట్లు.

ఆ శంకుస్థాపనకు నాలుగు నెలలు తిరక్కుండానే అదే రంగారెడ్డి జిల్లాలో ఇంకో వార్త వచ్చింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో కుని క్యాంపు పెట్టారు. 34 మంది మహిళలకు డబుల్ పంక్చర్ ల్యాప్రోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు, కాసేపట్లో అయిపోయే సర్జరీ. కానీ ఇళ్లకు వెళ్లిన తర్వాత రోజుల వ్యవధిలోనే నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హడావుడిగా నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. విచారణలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ లోపాలే బయటపడ్డాయి. 13 మంది సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. చనిపోయినవాళ్లంతా చిన్న పిల్లల తల్లులు.

కొత్త ఆస్పత్రి అనగానే వినిపించే మొదటి మాట ఇప్పుడు మాడ్యులర్ ఓటీ. నీలి రంగు లైట్లు, స్టీల్ గోడలు, కాలు చూపిస్తే తెరుచుకునే తలుపు. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. మరి ఆ గది లోపల అసలు ఏం జరుగుతుంది? అది ఉంటే ఇన్ఫెక్షన్ రాదా? లేకపోతే వస్తుందా? అంత సింపుల్ కాదు. వివరంగా చూద్దాం.

ముందు ఒక విషయం: ఓటీలో క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి?

బయటి నుంచి అనుకుంటాం. నిజానికి ఎక్కువగా వచ్చేది లోపల ఉన్న మనుషుల నుంచే. మన చర్మం రోజూ పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. కంటికి కనిపించదు. బతికున్న బ్యాక్టీరియాను మోసుకెళ్లే చర్మపు తునకలు ఒక మనిషి నుంచి రోజుకు దాదాపు 10 లక్షలు రాలతాయని అమెరికా సీడీసీ మార్గదర్శకాల్లో ఉంది. సర్జన్, అసిస్టెంట్, మత్తు డాక్టర్, స్టాఫ్ నర్సు, టెక్నీషియన్, మధ్యలో పేషెంట్. ఆరుగురు ఉన్నారంటే ఆరు బ్యాక్టీరియా ఫ్యాక్టరీలు నడుస్తున్నట్టే. ఎవరైనా అటూ ఇటూ తిరిగితే ఆ తునకలు లేస్తాయి. కోసిన చోట పడితే సమస్య మొదలవుతుంది.

బ్యాక్టీరియా ఒంటరిగా గాలిలో ఎగరడం తక్కువ. ఇలాంటి తునకల మీదో, దుమ్ము మీదో సవారీ చేస్తుంది. అందుకే గాలిలోని దుమ్ము కణాలను లెక్కపెడితే ఓటీ ఎంత శుభ్రంగా ఉందో కొంతవరకు అంచనా వేయొచ్చు.

గాలి లెక్క

మన దేశంలో ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్‌ఏబీహెచ్. ఓటీల ఎయిర్ కండిషనింగ్ ఎలా ఉండాలో ఈ సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో లెక్కకు తీసుకున్న ఓటీ సైజు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే 4,000 ఘనపుటడుగుల గాలి. ఈ గాలి మొత్తం గంటకు కనీసం 20 సార్లు మారాలి. అందులో 4 సార్లు పూర్తిగా బయటి తాజా గాలి రావాలి. మిగతాది గదిలోంచి లాగి, వడకట్టి, మళ్లీ పంపేది.

ఎందుకు 20? ఇలా చూడండి. గదిలో ఒక్కసారిగా దుమ్ము లేచిందనుకుందాం. గంటకు 20 సార్లు గాలి మారే గదిలో అందులో 99 శాతం పోవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. గంటకు 6 సార్లే మారితే అదే పని 46 నిమిషాలు. గంట సర్జరీలో ముప్పావు గంట గాలిలో తేలుతూ ఉండటం అంటే చిన్న విషయం కాదు.

గాలి ఎటు నుంచి రావాలన్నది కూడా ముఖ్యమే. సీలింగ్‌లో సరిగ్గా ఆపరేషన్ టేబుల్ పైన చిన్న చిన్న రంధ్రాలున్న పెద్ద చట్రం ఉంటుంది. దాని పైన హెపా ఫిల్టర్లు. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపేవి ఇవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ ఫిల్టర్ సత్తా ఏంటో అర్థమవుతుంది. పదివేల కణాలు వస్తే మూడు దాటతాయి. ఫిల్టర్‌ను దూరంగా మెషిన్ రూమ్‌లో కాకుండా సీలింగ్ చివరే పెట్టడానికి కారణం ఉంది. ఫిల్టర్ దాటాక గాలి పొడవాటి డక్టులోంచి వస్తే, ఆ డక్టులోని దుమ్మును మళ్లీ తెచ్చుకుంటుంది.

ఆ చట్రంలోంచి గాలి నిమిషానికి 25 నుంచి 35 అడుగుల వేగంతో మెల్లగా కిందికి దిగాలి. ఇది ఎంత మెల్లగా అంటే, ముఖానికి తగిలినట్టు కూడా సరిగా తెలీదు. టేబుల్ మీద నుంచి దిగి, నాలుగు పక్కలకూ పారి, గోడల అడుగున ఉన్న జాలీల్లోంచి బయటికి పోవాలి. నీళ్లు పోసి నేల కడిగినట్టు, గాలితో టేబుల్‌ను కడగడం అన్నమాట. స్పీడ్ పెంచితే ఇంకా మంచిదే కదా అనుకోవద్దు. గాలి ఉరవడి పెరిగితే సుడులు తిరుగుతుంది, కింది దుమ్మును పైకి లేపుతుంది.

ఇక్కడ ఓ చిన్న లెక్క. 8 అడుగులు x 6 అడుగుల చట్రం తీసుకుంటే 48 చదరపు అడుగులు. నిమిషానికి 30 అడుగుల వేగంతో గాలి దిగితే నిమిషానికి 1,440 ఘనపుటడుగులు. 4,000 ఘనపుటడుగుల గదికి గంటకు 20 మార్పులు కావాలంటే నిమిషానికి కనీసం 1,333 కావాలి. సరిపోయింది కదా! గది సైజు పెంచి, చట్రం చిన్నది పెడితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. బిల్డర్ కొటేషన్‌లో ఎన్ని టన్నుల ఏసీ అని కాకుండా నిమిషానికి ఎంత గాలి అని అడగాలని ఇంజినీర్లు చెప్పేది అందుకే.

తలుపు ఎందుకు అంత ముఖ్యం?

ఓటీ లోపలి గాలి ఒత్తిడి బయటి కారిడార్ కంటే ఎక్కువ ఉండాలి. కనీసం 2.5 పాస్కల్స్. నీళ్ల భాషలో చెప్పాలంటే పావు మిల్లీమీటర్ ఎత్తు నీరు పెట్టే ఒత్తిడి. అంతే! ఆ కాస్త తేడా చాలు, తలుపు సందుల్లోంచి గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికే పోతుంది, బయటి దుమ్ము లోపలికి రాదు.

కానీ తలుపు బార్లా తెరిచారంటే ఆ తేడా పోతుంది. అందుకే మాడ్యులర్ ఓటీల్లో పక్కకు జరిగి, మూసుకున్నాక నాలుగు వైపులా బిగుసుకునే తలుపులు పెడతారు. చేత్తో ముట్టుకోకుండా తెరుచుకునే సెన్సర్ ఉంటుంది. లక్షలు పోసి ఇవన్నీ పెట్టి, మధ్యాహ్నం తలుపు సందులో స్టూల్ అడ్డం పెట్టి ఉంచితే ఏం లాభం? ఇది ఎవరో ఒకర్ని అనడం లేదు. ఓటీ తలుపు ఎన్నిసార్లు తెరుస్తున్నారు, ఎందుకు తెరుస్తున్నారు అని చాలా దేశాల్లో స్టడీలు జరిగాయి. దారం మర్చిపోయాం, ఇంప్లాంట్ సైజు వేరే కావాలి, ఫోన్ వచ్చింది. కారణాలు ఎక్కడైనా ఇవే.

స్ప్లిట్ ఏసీ ఉన్న ఓటీ సంగతేంటి?

ఇది చిన్న నర్సింగ్ హోమ్‌లకు కాస్త చేదు విషయం. ఓటీల్లో విండో ఏసీలు, స్ప్లిట్ ఏసీలు వాడకూడదని ఎన్‌ఏబీహెచ్ స్పష్టంగా చెబుతుంది. స్ప్లిట్ ఏసీ చేసేది ఏంటి? గదిలోని గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి చుక్క కూడా రాదు. హెపా ఫిల్టర్ ఉండదు. పైగా లోపల ఎప్పుడూ తడిగా ఉండే కాయిల్, మూలలు. ఫంగస్‌కు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. ఆరు నెలలకోసారి ఇంట్లో ఏసీ సర్వీసింగ్ చేయించినప్పుడు కారే నల్లటి నీళ్లు గుర్తు తెచ్చుకోండి చాలు.

దీని బదులు ఓటీకి సొంతంగా ఏహెచ్‌యూ ఉండాలి, అంటే గాలిని వడకట్టి, చల్లబరిచి, తేమ తగ్గించి పంపే పెద్ద పెట్టె. టెంపరేచర్ 21 డిగ్రీలు, అటూ ఇటూ 3. తేమ 20 నుంచి 60 శాతం మధ్య. రాత్రి సర్జరీలు లేకపోయినా బ్లోవర్ ఆపకూడదు. కరెంట్ బిల్లు కోసం పూర్తిగా ఆపేస్తే లోపలి ఒత్తిడి పడిపోతుంది, తెల్లారేసరికి కారిడార్ దుమ్మంతా లోపలే.

బాటసింగారం, హయత్‌నగర్ లాంటి చోట్ల ఇంకో తలనొప్పి. విజయవాడ హైవే పక్కనే కాబట్టి రాత్రీ పగలూ లారీల దుమ్ము, పొగ. ఏహెచ్‌యూ గాలి పీల్చే నోరు రోడ్డు వైపు పెట్టినా, జనరేటర్ గొట్టం పక్కన పెట్టినా, ముందు వరుస ఫిల్టర్లు వారాల్లోనే పూడుకుపోతాయి. ఫిల్టర్ పూడుకుపోతే గాలి తగ్గుతుంది, 20 సార్లు కాస్తా పదో పన్నెండో అవుతుంది. డిస్‌ప్లే మీద టెంపరేచర్ మాత్రం 21 అనే చూపిస్తూ ఉంటుంది. చల్లగానే ఉంది కదా అని ఎవరికీ అనుమానం రాదు.

ఇంతకీ మాడ్యులర్ అంటే?

విడిభాగాలుగా ఫ్యాక్టరీలో తయారు చేసి, తెచ్చి, ఆస్పత్రిలో బిగించేది. ఇటుక, సిమెంట్, టైల్స్ లేవు. ఉన్న గది లోపలే స్టీల్ ఫ్రేమ్ నిలబెట్టి, దానికి ప్యానెళ్లు తగిలిస్తారు. స్టెయిన్‌లెస్ స్టీల్ కావొచ్చు, జింక్ పూత ఉన్న స్టీల్ మీద పెయింట్ కావొచ్చు, ల్యామినేట్ లేదా గాజు కావొచ్చు. కోల్డ్ స్టోరేజో, పళ్లు మాగబెట్టే చాంబరో చూసినవాళ్లకు ఈ ఐడియా వెంటనే అర్థమవుతుంది. రెండు రేకుల మధ్య ఇన్సులేషన్ పెట్టిన ప్యానెల్ అక్కడా ఇక్కడా ఒకే కుటుంబం. పళ్ల మార్కెట్‌కీ ఓటీకీ మళ్లీ చుట్టరికం కలిసింది! కాకపోతే ఆ మధ్యలో నింపేది ఏంటన్నది కచ్చితంగా అడగాలి. ఫోమ్ అయితే నిప్పు అంటుకుంటే విషపు పొగ వస్తుంది. రాక్‌వుల్ మండదు, కాస్త బరువు, ఖర్చూ ఎక్కువే.

టైల్స్ ఎందుకు వద్దంటే, టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉండే గీత. రక్తం, నీళ్లు అందులోకి ఇంకుతాయి. ఎంత తుడిచినా పోవు. అందుకే అతుకుల్లేని గోడలు, అతుకుల్లేని వినైల్ ఫ్లోర్. గోడా నేలా కలిసే చోట లంబకోణం కూడా ఉండదు, వంపుగా తిప్పేస్తారు. మూల ఉంటే మాప్ చేరదు. ఫ్లోర్ కింద రాగి పట్టీలు పరిచి ఎర్తింగ్ ఇస్తారు. స్టాటిక్ కరెంట్ మెరుపు పుట్టకుండా, మెషిన్లకు ఇబ్బంది రాకుండా.

సీలింగ్ మీద మాత్రం కాస్త ఆగుదాం. ఫాల్స్ సీలింగ్ సరిగా సీల్ చేయకపోతే పైనుంచి దుమ్మే కాదు, ఇంకేమైనా రావొచ్చు. 2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో పది రోజుల పసికందును ఎలుకలు కొరికిన ఘటన, 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో పేషెంట్‌ను ఎలుకలు కొరికిన ఘటన మనం మర్చిపోలేదు. ఆ రెండూ ఓటీలు కాదు. కానీ పైపు వెళ్లే రంధ్రం, వైర్లు దిగే సందు, మూత లేని డక్ట్ అలాగే వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. మాడ్యులర్ ఓటీలో ప్రతి రంధ్రాన్నీ సీల్ చేస్తారు, లైట్ కూడా సీలింగ్ పైనుంచి కాకుండా కింది నుంచే మార్చేలా పెడతారు.

దీని అసలు లాభం ఏంటంటే టైమ్. పక్క ఓటీలో సర్జరీలు నడుస్తుండగానే ఇక్కడ ప్యానెళ్లు బిగించొచ్చు. గోడ పగలగొట్టి, సిమెంట్ దుమ్ము లేపే పని తక్కువ. రేపు కొత్త మెషిన్ వస్తే ఒక ప్యానెల్ విప్పి, వెనకాల వైర్లు లాగి, మళ్లీ బిగించొచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ సమస్య: స్లాబ్ ఎత్తు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం దాకా మెయిన్ రోడ్డు పట్టుకుని వెళ్లండి. కింద బట్టల షాపు, మొదటి అంతస్తులో కోచింగ్ సెంటర్, దాని పైన ఆస్పత్రి. ఈ బిల్డింగుల్లో చాలావరకు ఆస్పత్రి కోసం కట్టినవి కావు. స్లాబ్ నుంచి స్లాబ్‌కు పది, పదకొండు అడుగులుంటుంది. ఓటీ సీలింగే పది అడుగులు కావాలి. దాని పైన ఫిల్టర్ పెట్టె, డక్టులు, గ్యాస్ పైపులు, బరువైన ఓటీ లైటునూ పెండెంట్‌నూ వేలాడదీసే స్టీల్ ఫ్రేమ్. బీమ్ అడ్డం వస్తే ఇంకో అడుగున్నర పోయినట్టే. సాధారణంగా స్లాబుల మధ్య పద్నాలుగు అడుగుల వరకు ఉంటే తప్ప హాయిగా కుదరదు.

అప్పుడు ఏం చేస్తారు? సీలింగ్‌ను ఎనిమిదిన్నరకు దించేస్తారు. లేదంటే టేబుల్ పైన పెద్ద చట్రం బదులు మూలల్లో నాలుగు చిన్న ఫిల్టర్లు పెట్టి ఇది కూడా హెపానే అంటారు. హెపానే, కాదనలేం. కానీ గాలి టేబుల్‌ను కడగదు, గదిలో కలిసిపోతుంది. గోడలు మాత్రం అదే మెరుపు. బ్రోచర్ ఫొటోలో ఈ తేడా కనిపించదు.

కొత్తగా కట్టే పెద్ద ఆస్పత్రులకు ఈ చిక్కు లేదు, ముందే ఎత్తు పెట్టుకోవచ్చు. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. వీధి చెప్పులతో తిరిగే చోటు, బట్టలు మార్చుకునే చోటు, శుభ్రమైన కారిడార్, ఆ తర్వాత ఓటీ అని వరుసగా జోన్లు గీసుకోవచ్చు. వాడేసిన పరికరాలు, చెత్త వేరే దారిలో పోతాయి. అద్దె బిల్డింగ్‌లో ఒకే కారిడార్‌లో పేషెంట్, చెత్త డబ్బా, టీ ఫ్లాస్క్ ఎదురెదురు పడుతుంటాయి.

క్లీన్‌రూమ్ ఎక్కడి నుంచి వచ్చింది?

పుట్టింది ఆస్పత్రిలో కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే ఫిజిసిస్ట్ దీన్ని తయారు చేశారు. అణ్వాయుధాల్లో వాడే సూక్ష్మమైన విడిభాగాల్లో దుమ్ము పడకుండా ఉండాలన్నది అప్పటి అవసరం. వడకట్టిన గాలిని ఒకే దిశలో మెల్లగా పారించాలన్నది ఆయన ఐడియా. అక్కడి నుంచి చిప్ ఫ్యాక్టరీలకు, మందుల కంపెనీలకు, ఆస్పత్రులకు పాకింది.

హైదరాబాద్‌కు క్లీన్‌రూమ్ కొత్త కాదు. జీడిమెట్ల, బాచుపల్లి మందుల యూనిట్లు, జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ కంపెనీలు దశాబ్దాలుగా ఇదే పద్ధతిలో పని చేస్తున్నాయి. ఇప్పుడు అంతర్జాతీయంగా వాడే కొలత ఐఎస్ఓ 14644. ఐఎస్ఓ 5 గదిలో ఒక ఘనపు మీటర్ గాలిలో అర మైక్రాన్, అంతకన్నా పెద్ద కణాలు 3,520కి మించకూడదు. ఐఎస్ఓ 7లో 3,52,000 వరకు. ఓటీ సీలింగ్ చట్రంలోంచి దిగే గాలి ఐఎస్ఓ 5 స్థాయిలో ఉండాలి. మనుషులు, మెషిన్లు చేరాక గది మొత్తం అలా ఉండటం కుదరదు.

ఆస్పత్రుల్లో ఓటీ ఒక్కటే కాదు. బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ గదులు, క్యాన్సర్ మందులు కలిపే గదులు, ఐవీఎఫ్ ల్యాబులు కూడా క్లీన్‌రూమ్‌లే. ఐవీఎఫ్ ల్యాబ్‌లో దుమ్ముతో పాటు పెయింట్ వాసన కూడా శత్రువే, పిండాలకు ఆ రసాయనాలు పడవు. ఇక టీబీ, కొవిడ్ లాంటి ఐసొలేషన్ గదుల్లో లెక్క తలకిందులు. అక్కడ లోపలి ఒత్తిడి బయటి కంటే తక్కువ ఉండాలి, జబ్బు గాలి కారిడార్‌లోకి రాకూడదు కాబట్టి. కొవిడ్ టైమ్‌లో పాజిటివ్ ఒత్తిడి ఉన్న ఓటీలో కొవిడ్ పేషెంట్‌కు సర్జరీ ఎలా చేయాలన్నది డాక్టర్లకు నిజంగానే పెద్ద ప్రశ్న అయింది.

మరి ఇంత ఖర్చుకు ఫలితం ఉందా?

ఇక్కడే అసలు చర్చ. ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆస్పత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ 1960ల్లో తుంటి కీలు మార్పిడి సర్జరీలకు స్వచ్ఛమైన గాలి గది వాడారు. ఇన్ఫెక్షన్లు సుమారు 7 శాతం నుంచి 1 శాతం దిగువకు వచ్చాయి. ప్రపంచమంతా లామినార్ ఫ్లో వెంట పడింది అప్పటి నుంచే. కానీ ఆ ఏళ్లలో గాలితో పాటు గౌన్లు, కుట్లు వేసే పద్ధతి కూడా మారాయి. క్రెడిట్ మొత్తం గాలికే ఇవ్వలేమని ఆయనే అన్నారు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది. కీళ్ల మార్పిడి సర్జరీల్లో ఇన్ఫెక్షన్ తగ్గించడానికని లామినార్ ఫ్లో పెట్టొద్దని సూచించింది. దానికున్న ఆధారాలు బలంగా లేవని కూడా ఆ సంస్థే ఒప్పుకుంది. చాలామంది ఆర్థోపెడిక్ సర్జన్లు దీంతో ఏకీభవించరు. ఎన్‌ఏబీహెచ్ ఇప్పటికీ టేబుల్ మీదికి ఒకే దిశలో దిగే గాలి కావాలనే అంటుంది. గంటకు 20 సార్లు వడకట్టిన గాలి, పాజిటివ్ ఒత్తిడి విషయంలో మాత్రం పెద్దగా గొడవ లేదు.

అదే మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పినవి వేరే ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. కోత పెట్టడానికి ముందు రెండు గంటల లోపే యాంటీబయాటిక్ ఇవ్వాలి. బ్లేడుతో షేవ్ చేయకూడదు, తప్పనిసరైతే క్లిప్పర్‌తో వెంట్రుకలు కత్తిరించాలి. బ్లేడు గీతల్లోంచే బ్యాక్టీరియా దూరుతుంది. మన దగ్గర ఇప్పటికీ చాలా చోట్ల ఆపరేషన్ ముందు రోజు బ్లేడు పట్టుకుని వస్తారు.

ఓటీ ఎంత బాగున్నా ఆపలేనివి

2016 జూన్ 30న మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆస్పత్రిలో క్యాటరాక్ట్ ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. కొందరికి ఆ కంటి చూపు పోయింది. తర్వాత పరీక్షల్లో తేలింది ఏంటంటే, సర్జరీలో వాడిన ద్రావణంలోనే బ్యాక్టీరియా ఉంది. కోట్లు పెట్టి కట్టిన ఓటీ అయినా సీసాలోంచి వచ్చే క్రిమిని ఆపలేదు.

ఇబ్రహీంపట్నం కూడా అలాంటిదే. అక్కడ ప్రశ్న గాలి గురించి కాదు, పరికరాల గురించి. ల్యాప్రోస్కోప్‌లు సున్నితమైన సామాన్లు, చాలావాటిని ఆటోక్లేవ్ వేడిలో పెట్టలేరు. మందు నీళ్లలో నానబెట్టాలి. 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ఉంచితే హై లెవెల్ డిసిన్ఫెక్షన్. క్రిముల బీజాలు కూడా చచ్చి పూర్తిగా స్టెరైల్ కావాలంటే 10 గంటలు. క్యాంపులో వరుసగా మహిళలు పడుకుని ఉంటే, చేతిలో ఉన్నవి రెండు మూడు స్కోప్‌లైతే, ఆ 20 నిమిషాలు ఎవరు ఆగుతారు? అందుకే ఒక టీమ్ రోజుకు 30కి మించి ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదని కేంద్రం నిబంధన పెట్టింది.

2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర క్యాంపుల తర్వాత 13 మంది మహిళలు చనిపోయారు. అక్కడ ఒకే క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. దేవికా బిస్వాస్ కేసులో 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు, కుని క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. ఆ గడువు 2019లో అయిపోయింది. ఇబ్రహీంపట్నం క్యాంపు జరిగింది 2022లో.

ఓటీ పక్కన ఉండాల్సిన ఇంకో గది సీఎస్ఎస్‌డీ, అంటే పరికరాలు కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేసి, స్టెరిలైజ్ చేసే విభాగం. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఆవిరి తగలాలి. రిబ్బన్ కటింగ్‌లో కెమెరాలు ఓటీ లైట్ల వైపే తిరుగుతాయి, సీఎస్ఎస్‌డీ ఫుటేజ్ ఎవరూ పంపరు. మా డెస్క్‌కు వచ్చే ఆస్పత్రి ఓపెనింగ్ వీడియోల్లో నేను ఇప్పటిదాకా ఒక్క ఆటోక్లేవ్ కూడా చూడలేదు.

కట్టాక కూడా పని అయిపోదు. గాలి వేగం, ఎన్నిసార్లు మారుతోంది, ఒత్తిడి, కణాల సంఖ్య, హెపా ఫిల్టర్‌కు ఎక్కడైనా చిల్లు పడిందా అన్నది మెషిన్లతో క్రమం తప్పకుండా పరీక్షించి రిపోర్ట్ పెట్టుకోవాలి. ఇది చేయకుండా ఆదివారం ఓటీ మూసి ఫార్మలిన్ పొగ పెడితే చాలనుకునే పాత అలవాటు ఇంకా పోలేదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ముందు నీళ్లు, డిసిన్ఫెక్టెంట్‌తో రుద్ది కడగాలి. మురికి మీద పొగ పెడితే మురికి అలాగే ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే?

ఓటీ లోపలికి మిమ్మల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కానీ అడగడానికి ఇబ్బంది పడొద్దు. ఓటీలో ఉన్నది స్ప్లిట్ ఏసీనా, ఏహెచ్‌యూనా? గాలి పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు, రిపోర్ట్ ఉందా? పరికరాల స్టెరిలైజేషన్ ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా? ల్యాప్రోస్కోపీ అయితే ఆ రోజు అదే స్కోప్‌తో ఎన్ని కేసులున్నాయి? షేవింగ్ అవసరమా? యాంటీబయాటిక్ ఎప్పుడు ఇస్తారు? మంచి ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉంటారు, వీటికి సమాధానం ఆమె దగ్గర రెడీగా ఉంటుంది. కుని క్యాంపుకు రమ్మని ఊళ్లో ఎవరైనా పిలిస్తే, క్యాంపు రోజు కాకుండా మామూలు రోజున ఆస్పత్రిలో చేస్తారా అని ఆశా కార్యకర్తను అడగండి.

ఇక ఆపరేషన్ తర్వాత జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, నొప్పి తగ్గకుండా పెరగడం.. వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు. మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేయొద్దు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఆ గంటలోనే వెళ్లండి, అక్కడ పట్టించుకోకపోతే 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి వెళ్లండి. డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్లడం మర్చిపోవద్దు.